లాంచ్ రోజు ఫొటో సరే, ఆర్నెల్ల తర్వాతి సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో కొత్తరకం ప్రకటనల మీద, డిజిటల్ కళ మీద రెండు పేజీల వ్యాసం వేశారు. సంతోషం. ఇలాంటి పనులకు పత్రికల్లో అంత చోటు దొరకడం అరుదు. నేనూ ఆ రంగంలోనే ఉన్నాను. కాకపోతే మీ ఫొటోల్లో కనిపించే వైపు కాదు, వెనక వైర్లుండే వైపు. సెన్సర్లు బిగించడం, ప్రొజెక్టర్లు క్యాలిబ్రేట్ చేయడం, ఎల్‌ఈడీ గోడలకు బొమ్మ పంపే కంప్యూటర్లను సిద్ధం చేయడం, అవి మొరాయించినప్పుడు నిచ్చెనెక్కడం నా పని. చెయ్యి ఊపితే గోడ మీద పూలు పూయడం, అడుగు వేస్తే నేల మీద అలలు లేవడం మీరు ఏదో ఒక ఎగ్జిబిషన్‌లో చూసే ఉంటారు. వాటిని ఇన్‌స్టాలేషన్లు అంటారు. అలాంటివాటి దగ్గర ఎవరికీ కనపడకుండా తిరిగే మనుషుల్లో నేనొకణ్ణి.

వ్యాసం రాసినవారికి శ్రద్ధ ఉంది, చెప్పే తీరూ బాగుంది. నా ఫిర్యాదు వేరు. అందులోని ఉదాహరణలు దాదాపు అన్నీ పోటీలకు పంపడానికి ప్రకటనల ఏజెన్సీలు తయారు చేసుకునే రెండు నిమిషాల వీడియోల్లోంచి వచ్చినవే. మేం వాటిని కేస్ ఫిల్మ్ అంటాం. వెనక హుషారైన సంగీతం, నోళ్లు తెరిచి చూస్తున్న జనం, చివర్లో తెర నిండా అంకెలు. కేస్ ఫిల్మ్ చూసి ప్రాజెక్టు గురించి రాయడమంటే పెళ్లి వీడియో చూసి కాపురం ఎలా ఉందో చెప్పడమే. ఆ వీడియో బయటికొచ్చాక అసలు వస్తువు ఏమైందో, ఎన్నాళ్లు పనిచేసిందో, ఎవరు నడిపించారో మీరు అడగలేదు. మీరే కాదు, ఎవరూ అడగరు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక మాట. నేను ఈ రంగాన్ని తీసిపారేయడానికి రాయడం లేదు. బాగా చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మీరు రాసినవాటిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ హోర్డింగ్ ఉంది చూడండి, 2013లో లండన్‌లోని పికడిల్లీ సర్కస్‌లో పెట్టింది. తెర మీద ఒక చిన్నపిల్లవాడు. ఆ కంపెనీ విమానం నిజంగా పై నుంచి వెళ్తుంటే వాడు లేచి, దానివైపు వేలు చూపిస్తూ పరుగెడతాడు. పక్కనే ఆ విమానం నంబరు, అది ఎక్కడి నుంచి వస్తోందన్నది పడుతుంది. మీ వ్యాసం దీన్ని 'ఎంత అందమైన ఊహ' అని మెచ్చుకుని ముందుకు వెళ్లిపోయింది. ఊహ అందమైనదే, కాదనను. కానీ అక్కడితో ఆగితే అసలు సరుకు పాఠకులకు అందనట్టే.

విమానాలు తమ గుర్తింపు, ఎత్తు, తామెక్కడున్నదీ రేడియోలో ఎప్పటికప్పుడు చెప్పుకుంటూ పోతాయి. దాన్ని ఏడీఎస్-బీ అంటారు. దాన్ని పట్టుకోవడానికి రాడార్ అక్కర్లేదు, ఒక యాంటెన్నా, ఒక రిసీవర్, వచ్చిన అంకెల్ని చదివే ప్రోగ్రామ్ ఉంటే చాలు. హోర్డింగ్ చేసినవాళ్లు అలాగే సుమారు 200 కిలోమీటర్ల పరిధిలో తిరిగే విమానాల్ని వింటూ కూర్చున్నారు. తమ విమానం ముందే గీసి పెట్టుకున్న హద్దులోకి రాగానే మామూలు ప్రకటన ఆగి, పిల్లవాడి వీడియో మొదలవుతుంది. ఇంతవరకు చేయి తిరిగిన టీమ్ ఏదైనా చేస్తుంది. నాకు నచ్చింది మబ్బుల సంగతి. మబ్బు కిందికి దిగి ఉంటే విమానం పైన వెళ్తున్నా కనపడదు. అప్పుడు పిల్లవాడు ఉత్త మబ్బును చూపిస్తే రోడ్డు మీద జనం నవ్విపోతారు. అందుకని వాతావరణ సమాచారం కూడా తెప్పించుకుని, మబ్బు ఎంత ఎత్తులో ఉందో సరిచూసుకుని, కింద నుంచి కనిపించే విమానానికే పిల్లవాణ్ణి లేపారు. ప్రోగ్రామ్‌లో అదొక చిన్న షరతు. అది ఉండబట్టే జనం తలెత్తి చూశారు, చూస్తే విమానం ఉంది. ఈ రంగంలో తెలివి ఎక్కడుంటుందని ఎవరైనా అడిగితే నేను ఆ షరతునే చూపిస్తాను. మీ పాఠకుల్లో ప్రోగ్రామింగ్ చదువుకునే పిల్లలు ఎంతోమంది ఉంటారు. వాళ్లకు పనికొచ్చేది కూడా అదే కదా.

ఇంకొకటి, మీ వ్యాసంలో లేనిది చెప్తాను. 1989లో జపాన్‌లోని సుజుకా సర్క్యూట్‌లో రేసుకు ముందు జరిగే క్వాలిఫయింగ్‌లో ఫార్ములా వన్ డ్రైవర్ అయిర్టన్ సెన్నా 1 నిమిషం 38.041 సెకన్లలో ఒక చుట్టు పూర్తి చేశాడు. ఇంజన్ ఎంత వేగంతో తిరిగింది, యాక్సిలరేటర్ ఎంత తొక్కాడు లాంటివన్నీ హోండా అప్పట్లోనే నమోదు చేసి పెట్టుకుంది. 2013లో, తన కార్లలోని నావిగేషన్ సర్వీసుకు ప్రకటన కోసం, ఆ పాత లెక్కల్ని బయటికి తీశారు. డెంట్సు ఏజెన్సీతో పాటు డైటో మనాబే లాంటి ప్రోగ్రామర్ కళాకారులు అందులో ఉన్నారు. ఆ అంకెల్లోంచి ఇంజన్ మోతను క్షణం క్షణం తిరిగి కట్టారు. దాదాపు 5.8 కిలోమీటర్ల ట్రాక్ పొడవునా స్పీకర్లు, ఎల్‌ఈడీ దీపాలు పరిచారు. రాత్రిపూట ఆ చుట్టును అదే వేగంతో పరుగెత్తించారు. కారు లేదు, డ్రైవర్ లేడు. సెన్నా అప్పటికి ఎన్నో ఏళ్ల కిందటే, 1994లో, రేసులోనే చనిపోయాడు. మోత, వెలుగు మాత్రం మలుపు తిరిగి దూసుకుపోతాయి. వరసలో ఒక్క స్పీకర్ కాస్త ఆలస్యంగా పలికినా కారు అక్కడ ఆగి మళ్లీ బయల్దేరినట్టు వినిపిస్తుంది. అన్ని కిలోమీటర్ల కేబుల్‌లో అలా జరగకుండా చూసినవాళ్లకు నా దండం.

ఇప్పుడు ఫిర్యాదుకు వస్తాను.

మీరు వేసిన ఫొటోల్లో ఒకటి నన్ను ఇబ్బంది పెట్టింది. లండన్ మెట్రో రైలుకు పెద్ద పెద్ద కనురెప్పలు, ప్లాట్‌ఫామ్ మీద వేలాడే మస్కారా బ్రష్ వాటిని దువ్వడం. 2023లో మేబెలిన్ అనే మేకప్ కంపెనీ కోసం వచ్చింది. ఫొటో కింద 'లండన్ ప్రయాణికులను అలరించిన ప్రకటన' అని రాశారు. అలరించడానికి ఆ రైలు ఎప్పుడూ రాలేదండీ. అదంతా కంప్యూటర్‌లో చేసిన వీడియో. ఇయాన్ ప్యాడ్‌గమ్ అనే కళాకారుడు తయారు చేశాడు, ఆయన దాన్ని దాచుకోలేదు కూడా. ఫోన్‌తో తీసినట్టు ఉండటంతో చూసినవాళ్లలో చాలామంది నిజమే అనుకున్నారు. అదే ఏడాది పారిస్ వీధుల్లో కార్లలా తిరిగిన, జాక్‌మ్యూస్ అనే ఫ్యాషన్ కంపెనీ హ్యాండ్‌బ్యాగులు కూడా ఇలాంటివే. ఇప్పుడు క్లయింట్లు ఆ వీడియోలు చూపించి 'మాకూ ఇలాంటిది రోడ్డు మీద కావాలి' అంటున్నారు. అది నిజంగా లేనేలేదు సార్ అంటే మనకు చేతకాదని అనుకుంటారు.

వీడియోగా అది గొప్ప పని, నేనూ రెండు మూడుసార్లు చూశాను. బొమ్మ గీసినందుకు ఎవరినీ తప్పు పట్టక్కర్లేదు. కానీ నిజంగా రోడ్డు మీద నిలబెట్టినదాన్ని, కంప్యూటర్‌లో మాత్రమే ఉన్నదాన్ని ఒకే పేజీలో, ఒకే రకం ఫొటోగా వేస్తే, నిజంగా నిలబెట్టినవాళ్లు పడ్డ కష్టానికి విలువ లేకుండా పోతుంది. గాలికి కొట్టుకుపోకుండా, వానకు షార్ట్ కాకుండా, పిల్లలకు షాక్ కొట్టకుండా ఒక వస్తువును బయట నిలబెట్టడం వేరు, కంప్యూటర్‌లో దృశ్యం తయారు చేసి పోస్ట్ చేయడం వేరు. ఫొటో కింద 'కంప్యూటర్ దృశ్యం' అన్న రెండు మాటలు రాస్తే చాలు.

సరదా వీడియోలతో ఆగేది కాదు ఈ జబ్బు. 2016లో 'ఐ సీ' అనే యాప్ వచ్చింది. మధ్యధరా సముద్రంలో పడవల మీద వచ్చే శరణార్థుల్ని ఉపగ్రహ చిత్రాల్లో మామూలు జనం ఫోన్‌లో వెతికిపెట్టవచ్చని చెప్పారు. సింగపూర్‌లోని గ్రే ఏజెన్సీ చేసింది. కాన్ లయన్స్ ప్రకటనల పోటీలో కాంస్యం కూడా వచ్చింది. తీరా సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు విప్పి చూస్తే, అందులో సముద్రం అప్పటికప్పుడు తీసిన చిత్రం కానే కాదు, అందరికీ కదలని ఒకే బొమ్మ కనిపిస్తోంది. యాపిల్ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసింది. చివరికి ఏజెన్సీ బహుమతి వెనక్కి ఇచ్చేసింది. మనుషుల ప్రాణాలకు సంబంధించిన పనిని అలా చూపించి బహుమతి పట్టుకెళ్లారంటే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 2025లో ఇంకా ముందుకు వెళ్లారు. బ్రెజిల్ ఏజెన్సీ డీఎం9 చేసిన ఒక ప్రచారానికి అదే పోటీలో క్రియేటివ్ డేటా విభాగంలో గ్రాండ్ ప్రీ, అంటే అన్నిటికంటే పెద్ద బహుమతి, వచ్చింది. దాని కేస్ ఫిల్మ్‌లో టీవీ వార్తల క్లిప్‌ను ఏఐతో మార్చి వాడుకున్నారని బయటపడింది. బహుమతి వెనక్కి పోయింది, పోటీ నిర్వాహకులు నిబంధనలు గట్టి చేశారు. రెండింటిలోనూ గుట్టు బయటపడింది బహుమతి చేతికొచ్చాకే.

అంకెల సంగతి కూడా అంతే. స్టాక్‌హోమ్‌లోని ఓడెన్‌ప్లాన్ స్టేషన్‌లో 2009లో ఫోక్స్‌వ్యాగన్ మెట్లను పియానోగా మార్చింది, అడుగు వేస్తే స్వరం పలికేలా. ఎస్కలేటర్ మానేసి మెట్లు ఎక్కినవాళ్లు మామూలు కంటే 66 శాతం పెరిగారని ఆ వీడియోనే చెప్పింది. మీరూ ఆ అంకె వేశారు. కొత్తది పెట్టిన పూట ఎవరైనా ఎక్కుతారు, నేనూ ఎక్కుతాను. రోజూ ఆ స్టేషన్ మీదుగా ఆఫీసుకు వెళ్లే మనిషి మూడో నెలలో కూడా మెట్లే ఎక్కితే అది వార్త. పెట్టిన కొత్తలో తీసిన వీడియో ఆ ముక్క ఎలా చెప్తుంది? పెరూలో యూటెక్ అనే ఇంజనీరింగ్ యూనివర్సిటీ గాలిలోని తేమ నుంచి మంచినీళ్లు తీసే హోర్డింగ్ పెట్టింది. లిమా దక్షిణాన, వాన దాదాపు పడని, తేమ మాత్రం విపరీతంగా ఉండే ప్రాంతం. మూడు నెలల్లో 9,000 లీటర్లకు పైగా నీళ్లు ఇచ్చిందన్నారు. అంటే రోజుకు 100 లీటర్ల చిల్లర. ఒక ప్రకటన బోర్డు ఊరికే నిలబడకుండా ఆ మాత్రం చేసినా గొప్పే, ఇంజనీరింగ్ కాలేజీ తన పిల్లలు ఏం చేయగలరో అంతకంటే బాగా ఇంకెలా చెప్పగలదు? కానీ అందులో ఫిల్టర్లున్నాయి, రివర్స్ ఆస్మాసిస్ ఉంది, కరెంటు కావాలి. ఫిల్టర్ మార్చే మనిషి లేకపోతే నీళ్ల హోర్డింగ్ కాస్తా మామూలు హోర్డింగ్ అయిపోతుంది. నేనైతే లీటర్ల లెక్క తర్వాత ఫిల్టర్ల లెక్కే అడిగేవాణ్ణి.

ఫిల్టర్ దగ్గరికొచ్చాం కాబట్టి నా సొంత గోడు కొంచెం వినండి. పేర్లు చెప్పను. ఒక క్లయింట్ కోసం గోడంత తెర పెట్టాం. ముందు నిలబడి చేతులు చాపితే పక్షుల గుంపు వచ్చి మీ ఆకారం కట్టేది. మనిషి ఎక్కడున్నాడో చూడటానికి డెప్త్ కెమెరా వాడాం. ఈ కెమెరాల పద్ధతి ఏమిటంటే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును చిమ్మి, అది మనుషుల మీద పడి తిరిగి వచ్చే తీరును బట్టి దూరం లెక్కగడతాయి. 2010లో ఆటల కోసం వచ్చిన మైక్రోసాఫ్ట్ కైనెక్ట్‌తో ఇవి మాలాంటివాళ్లకు చవకగా దొరకడం మొదలైంది. సగం డిజిటల్ కళ దాని మీదే బతికింది. దానికి ఇద్దరు శత్రువులు. ఎండ ఒకటి, ఎందుకంటే ఎండ నిండా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, కెమెరా చిమ్మిన వెలుగు అందులో కలిసిపోతుంది. నల్లబట్టలు రెండోది, చాలా రకాల నల్లగుడ్డ ఆ వెలుగును మింగేస్తుంది. డ్రాయింగ్‌లో మేం చూపించిన చోటు లోపలి గోడ. ఫొటోలు బాగా వస్తాయని చివరి నిమిషంలో అద్దాల వైపుకు జరిపించారు. వద్దని రాతపూర్వకంగా చెప్పాం.

లాంచ్ సాయంత్రం జరిగింది. ఎండ లేదు. పక్షులు బ్రహ్మాండంగా వచ్చాయి, కెమెరాలు, చప్పట్లు, మర్నాడు పేపర్లలో ఫొటోలు. తెల్లారి పది దాటేసరికి అద్దాల్లోంచి ఎండ నేరుగా పడి కెమెరాకు కళ్లు పోయాయి. మనిషి నిలబడితే సగం చెయ్యి, ఒక చెవి మాత్రమే తెలుస్తున్నాయి. పక్షులు వాటి చుట్టూ మూగుతున్నాయి. అద్దాలకు ఫిల్మ్ అంటించాం, కెమెరా కోణం మార్చాం, వెలుగును బట్టి తనంతట తాను సర్దుకునేలా ప్రోగ్రామ్‌లో మార్పులు చేశాం. చాలావరకు దారికొచ్చింది. ఆ తర్వాత ఏఎంసీ, అంటే ఏడాదిపాటు మెయింటెనెన్స్‌కు ఒప్పందం, అడిగితే బడ్జెట్‌లో ఆ పద్దే లేదన్నారు. లాంచ్ కోసం పెట్టిన పూలకు పద్దుంది. కొన్నాళ్లకు కెమెరా వైరు ఎవరో తుడిచేటప్పుడు ఊడొచ్చింది. తిరిగి పెట్టమని మమ్మల్ని పిలవకుండా, మా డెమో రికార్డింగ్‌ను లూప్‌లో పెట్టి వదిలేశారు. ఇప్పటికీ అదే తిరుగుతోంది. పిల్లలు వచ్చి చేతులు ఊపుతారు, పక్షులు ఎవరి ఆకారమో కడతాయి. పిల్లలు ఇంకా గట్టిగా ఊపుతారు. ఆ గోడ గురించి రాసిన పత్రికలేవీ మళ్లీ అటు వెళ్లలేదు.

ఇది మా ఒక్కరి గొడవ అనుకోకండి. కైనెక్ట్ తయారీని మైక్రోసాఫ్ట్ 2017లో ఆపేసింది. తర్వాత వచ్చిన అజూర్ కైనెక్ట్‌ను కూడా 2023లో ఆపింది. ప్రపంచవ్యాప్తంగా దాని మీద కట్టుకున్న ఇన్‌స్టాలేషన్లు పాత స్టాకు కోసం వెతుక్కోవడమో, వేరే కెమెరాకు ప్రోగ్రామ్ తిరగరాసుకోవడమో చేయాల్సి వచ్చింది. వెబ్‌సైట్లలో కదిలే బొమ్మలు, ఆటలు నడిపించిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ కథ అంతకంటే దారుణం. 2020 డిసెంబర్ 31తో అడోబీ దానికి సపోర్ట్ ఆపేసింది, మరుసటి జనవరి 12 నుంచి ప్లేయర్‌లో ఫ్లాష్ కంటెంటే నడవకుండా చేసింది. ఓ పదిహేనేళ్లపాటు ఇంటర్నెట్‌లో వచ్చిన సరదా ప్రకటనలు, ఆటలు, కదిలే బొమ్మల కళ చాలావరకు ఒక్కసారి మూతపడ్డాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్, ఫ్లాష్ లేకుండానే ఆ పాత పనుల్ని నడిపించే రఫుల్ అనే ప్రోగ్రామ్ రాస్తున్న వాలంటీర్లు కొన్నిటిని బతికించారు. మనం ఎంతగానో చెప్పుకున్న సైట్లు మాత్రం చాలా వరకు స్క్రీన్‌షాట్లుగానే మిగిలాయి.

పట్టించుకునేవాళ్లు ఎలా పట్టించుకుంటారో కూడా చెప్పాలి. వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ 1988లో కొరియా జాతీయ ఆధునిక కళల మ్యూజియంకు 1,003 పాత గాజు గొట్టాల టీవీలతో గోపురం లాంటి కట్టడం చేసి ఇచ్చాడు. అక్టోబర్ 3 వాళ్ల జాతీయ స్థాపక దినం, అందుకే ఆ సంఖ్య. టీవీలు ముసలివైపోయాయి, ప్రమాదమని 2018లో ఆపేశారు. మొత్తం ఎల్‌ఈడీ తెరలు పెట్టేస్తే వారంలో అయిపోయేదేమో. వాళ్లలా చేయలేదు. పాత టీవీలు దొరికినంతవరకు వెతికి తెచ్చి, బాగుచేసి, ఏ విధంగానూ కుదరని వాటికి మాత్రం కొత్తరకం తెరలు వేసి, 2022లో మళ్లీ వెలిగించారు. రోజంతా కాకుండా పరిమిత గంటలే నడుపుతున్నారు. మెక్సికో–కెనడా కళాకారుడు రఫాయెల్ లొజానో–హెమ్మర్ 2015లో ఏకంగా తనలాంటి కళాకారులకు మెయింటెనెన్స్ సలహాలు రాసి, ఎవరైనా చదువుకునేలా, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టాడు. కోడ్‌లో వ్యాఖ్యలు రాయండి, స్పేర్లు ఇవ్వండి, రేపు ఏ భాగం దొరకకపోతే బదులు ఏం వాడొచ్చో ఇప్పుడే చెప్పండి అనే ధోరణిలో. ఆయన 2006లో చేసిన 'పల్స్ రూమ్' చూస్తే ఎందుకు రాశాడో తెలుస్తుంది. గది నిండా వందలకొద్దీ ఫిలమెంట్ బల్బులు వేలాడుతుంటాయి. ఒక పిడి పట్టుకుంటే మీ నాడిని పసిగట్టి, దగ్గరి బల్బు మీ గుండె లయలో వెలిగి ఆరుతుంది. మీరు వదిలేయగానే మీ లయ పక్క బల్బుకు జరుగుతుంది, మీ వెనకవాళ్ల లయ ఆ చోటికి వస్తుంది. యూరప్‌లో ఆ రకం బల్బుల్నే 2009 నుంచి దశలవారీగా అమ్మకం నుంచి తీసేశారు. ఫిలమెంట్ మెల్లగా ఎరుపెక్కి మెల్లగా చల్లారే తీరు వేరు, మామూలు ఎల్‌ఈడీ టక్కున వెలిగి టక్కున ఆరుతుంది. బల్బు మారిస్తే గుండె మారినట్టే.

ఏఐ గురించి మీ వ్యాసం చివరి సగమంతా రాశారు, నేను రెండు ముక్కలే చెప్తాను. 2016లో ఐఎన్‌జీ బ్యాంకు కోసం చేసిన 'నెక్స్ట్ రెంబ్రాంట్'ను మీరు కంప్యూటర్ వేసిన రెంబ్రాంట్ బొమ్మ అన్నారు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన 346 చిత్రాలను కంప్యూటర్‌తో పరిశీలింపజేసి కట్టిన ముఖం అది. నిజం చెప్పాలంటే ఆ ముఖం నాకేమంత అనిపించలేదు, సగటు ముఖం సగటుగానే ఉంది. నన్ను ఆకట్టుకుంది ఆ ముఖం పైన ఉన్న రంగు మందం. నిజం చిత్రాల్లో కుంచె ఎక్కడ ఎంత ఎత్తుగా రంగు వదిలిందో లెక్కగట్టి, ప్రత్యేకమైన సిరాతో 13 పొరలుగా త్రీడీ ప్రింట్ చేశారు. పక్క నుంచి వెలుగు పడితే కుంచె గీతలకు నీడలు పడతాయి. మీ పేజీలో దాని ఊసే లేదు, ఎందుకంటే అది ముందు నుంచి తీసిన ఫొటోలో కనపడదు. ఇక ఈ రోజుల్లో ఎవరైనా ఒక వాక్యం టైప్ చేస్తే లేని ఇన్‌స్టాలేషన్‌కు ఉన్నంత అందంగా ఫొటో వచ్చేస్తోంది. కాబట్టి ఫొటో చూసి రాసే అలవాటు ఇక పత్రికలకు కుదరదు.

పేర్ల విషయం ఒకటి మిగిలింది. మీ వ్యాసంలో బ్రాండ్ల పేర్లు ఉన్నాయి, ఏజెన్సీల పేర్లు ఉన్నాయి, క్రియేటివ్ డైరెక్టర్ల పేర్లు ఉన్నాయి. కట్టినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఇది కొత్త గొడవ కూడా కాదు. 1966 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో 'నైన్ ఈవినింగ్స్' అని కళాకారులు, బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధనా సంస్థ ఇంజనీర్లు కలిసి ప్రదర్శనలు ఇచ్చారు. చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ ఒకవైపు, బిల్లీ క్లూవర్ అనే ఇంజనీరు మరోవైపు నడిపించారు. పరికరాలు సతాయించాయి, ఆలస్యాలు జరిగాయి, పత్రికలు ఏకేశాయి. అయినా వాళ్లు మానకుండా ఈ.ఏ.టి. అనే సంస్థ పెట్టుకుని, 1968లో ఒక పోటీ పెట్టారు. అందులో బహుమతి కళాకృతి తయారీలో మంచి పనితనం చూపిన ఇంజనీరుకు. గుండె చప్పుడుకు ఎర్రటి పొడి గాల్లోకి లేచి వెలుగులో తేలే 'హార్ట్ బీట్స్ డస్ట్' అనే కృతి ఉంది. ఊహ జాన్ డుప్యుయి అనే కళాకారుడిది, దానికి పనిచేసిన ఇంజనీరు రాల్ఫ్ మార్టెల్. మొదటి బహుమతి మార్టెల్‌కు వచ్చింది. ఇన్నేళ్లు గడిచాక కూడా మా పేర్లు ప్రెస్ నోట్‌లో 'సాంకేతిక సహకారం' అన్న చోటికి కూడా రావు. నా పేరు అచ్చులో చూసుకోవాలన్న యావ నాకేం లేదు. కానీ పేరుంటే ఒక లాభం ఉంటుంది. పాడైతే ఎవర్ని పిలవాలో తెలుస్తుంది.

ఉత్తరం పెద్దదైంది. మీరు ఎలాగూ కత్తిరిస్తారు, కత్తిరించేటప్పుడు ఈ కింది మాటలు ఉంచండి చాలు. ఇకపై ఇలాంటి ప్రాజెక్టు గురించి రాసేటప్పుడు, అది నిజంగా ఎక్కడైనా ఉందా, కంప్యూటర్ దృశ్యమా అన్నది ఫొటో కిందే రాయండి. వీడియోలో చెప్పిన అంకె వేస్తే 'కంపెనీ లెక్క ప్రకారం' అని చేర్చండి. ప్రెస్ నోట్ పంపినవాళ్లను, దీని మెయింటెనెన్స్ ఎవరిది, ఎన్నేళ్లకు అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు రాకపోతే రాలేదనే రాయండి. లాంచ్‌కు పంపిన విలేకరినే ఆర్నెల్ల తర్వాత చెప్పకుండా మళ్లీ పంపండి, మామూలు జనంలా వెళ్లి చెయ్యి ఊపి చూసి రమ్మనండి. అది పనిచేస్తుంటే మొదటిసారి కంటే పెద్ద ఫొటో వేయండి. క్లయింట్లు మీ పేపరు చదువుతారు. మళ్లీ ఎవరో వచ్చి చూస్తారని తెలిస్తే ఆ ఏఎంసీ పద్దు దానంతట అదే పుట్టుకొస్తుంది. మా మొర కంటే మీ విలేకరి రాక వాళ్లకు ఎక్కువ టెన్షన్.

మీ వ్యాసంలో చెప్పిన ఇన్‌స్టాలేషన్లలో రెండు మా టీమ్‌కు తెలిసినవాళ్లు కట్టినవే. కావాలంటే మీ విలేకరిని వెనక గదిలోకి తీసుకెళ్లి చూపించగలను, వాళ్లూ ఒప్పుకున్నారు. నా పేరు, ఫోన్ నంబరు విడిగా జతచేశాను. అవి మీ దగ్గరే ఉంచుకోండి, అచ్చు వేయవద్దు.

ఇట్లు,
ఒక ఇన్‌స్టాలేషన్ టెక్నీషియన్